ఇంటి రెండో బండిగా పాత విద్యుత్ కారు

హోసూరు రహదారి పొడవునా, ముఖ్యంగా బొమ్మసంద్ర, హెబ్బగోడి, చందాపుర ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒక మాట తరచుగా వినవస్తోంది. "ఉన్న కారు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోతుంది. పిల్లల బడికి, ఆస్పత్రికి, కూరగాయలకు ఇంకొక చిన్న బండి ఉంటే బాగుండును." కొత్త కారు కొనే స్తోమత అందరికీ ఉండదు. అటువంటప్పుడు తక్కువ ధరకు అమ్మకానికి వచ్చే పాత విద్యుత్ కారు మీద దృష్టి పడడం సహజం. కరపత్రాలలో దీనిని విద్యుత్ వాహనం అని రాస్తున్నాం. వీథిలో దాని పేరు కరెంటు కారు. పేరు ఏదైనా, కొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు ఒక్కటే.

ఈ పాఠం చదివిన తరువాత పాఠకులు మూడు పనులు స్వయంగా చేయగలగాలి. మొదటిది, తమ ఇంటి అవసరానికి అటువంటి కారు సరిపోతుందో లేదో లెక్క వేసుకోవడం. రెండవది, చూడబోయిన కారులో బ్యాటరీ ఎంత మిగిలి ఉందో పరీక్షించడం. మూడవది, కాగితాలు, ఛార్జింగు విషయంలో ప్రమాదానికి, నష్టానికి చోటివ్వకుండా జాగ్రత్తపడడం.

మన ఊరి కారు

భారతదేశంలో విద్యుత్ కారు చరిత్ర చెప్పవలసివస్తే బొమ్మసంద్ర పేరు తప్పక వస్తుంది. చేతన్ మైనీ నాయకత్వంలో 1994లో బెంగళూరులో ప్రారంభమైన రేవా సంస్థ 2001లో తన చిన్న కారును మార్కెట్‌లోకి తెచ్చింది. దాని కర్మాగారం బొమ్మసంద్ర పారిశ్రామిక ప్రాంతంలోనే ఉండేది. రెండు తలుపులు, ఉక్కు చట్రం, ప్లాస్టిక్ పలకల పైకప్పు, ముందు సీట్ల కింద 6 వోల్టుల సీసపు బ్యాటరీలు ఎనిమిది ఉండేవి. ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే ఛార్జి అయ్యేది. ఒక్క ఛార్జికి సుమారు 80 కిలోమీటర్లు నడుస్తుందని సంస్థ ప్రకటించింది. ఇదే కారు లండన్ వీథులలో జీ-విజ్ అనే పేరుతో తిరిగింది.

2010లో మహీంద్రా సంస్థ రేవాలో మెజారిటీ వాటాను తీసుకుంది. 2012లో బొమ్మసంద్రలో కొత్త కర్మాగారం ప్రారంభమయింది. 2013లో లిథియం అయాన్ బ్యాటరీతో ఈటూఓ, 2016లో నాలుగు తలుపుల ఈటూఓ ప్లస్ వచ్చాయి. తరువాత కొన్నేళ్ళకు వాటి తయారీ నిలిచిపోయింది. ఈనాడు పాత విద్యుత్ కారుగా మన చుట్టుపక్కల అమ్మకానికి కనిపించే వాటిలో ఈ మూడు రకాలూ ఉంటాయి.

ఈ చరిత్ర చెప్పడం కేవలం ఊరి గొప్ప కోసం కాదు. కారు ఏ తరానికి చెందినదో తెలిస్తే అందులోని బ్యాటరీ స్వభావం తెలుస్తుంది. తయారీ ఆగిపోయిన కారుకు విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, బాగుచేసే మెకానిక్కు దగ్గరలో ఉన్నాడో లేడో కొనే ముందే విచారించాలన్న హెచ్చరిక కూడా ఇందులోనే ఉంది.

"రెండో బండి" అన్న మాటకు అర్థం

పాత విద్యుత్ కారు ఒంటరిగా ఒక ఇంటి అవసరాలన్నిటినీ తీర్చలేదు. సంక్రాంతికి అనంతపురమో, తిరుపతో, ఇంకా దూరంగా గుంటూరో వెళ్ళవలసినప్పుడు అది పనికిరాదు. చాలా పాత నమూనాలకు నేటి వేగ ఛార్జింగ్ కేంద్రాలలోని గన్‌లు అమరవు. దారిలో ఛార్జి అయిపోతే ఎవరింటి ప్లగ్గునో అడిగి గంటల తరబడి వేచి ఉండవలసిందే.

దాని అసలు ఉపయోగం చిన్న దూరాలలో ఉంది. రోజూ ఒకే దారి, తెలిసిన దూరం, రాత్రి సొంత ఇంటి వద్ద ఛార్జింగు: ఈ మూడూ కుదిరిన చోట పాత విద్యుత్ కారు చక్కగా పనిచేస్తుంది. క్లచ్చు, గేర్ల బాధ లేదు కనుక కొత్తగా నేర్చుకున్నవారికి, పెద్దవారికి నడపడం సులభం. రద్దీలో ఆగి ఆగి నడిచేటప్పుడు పెట్రోలు ఇంజన్ ఊరికే తిరుగుతూ ఇంధనం తింటుంది. విద్యుత్ కారు ఆగినప్పుడు మోటారుకు శక్తి అవసరం లేదు. పైగా బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీకి చేరుతుంది.

అయితే ఒక ప్రశ్నను ముందుగా వేసుకోవాలి: అసలు రెండో కారు అవసరమా? 2025 ఆగస్టులో ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర వరకు 19.15 కిలోమీటర్ల మెట్రో పసుపు మార్గం ప్రారంభమయింది. నగరంలోకి ఉద్యోగానికి వెళ్ళే వ్యక్తి మెట్రో ఎక్కగలిగితే, ఇప్పుడున్న కారే పగలంతా ఇంట్లో ఉంటుంది. అప్పుడు రెండో బండి ఖర్చే తప్పుతుంది. ఈ ప్రశ్నకు "అవసరమే" అన్న సమాధానం వచ్చినవారే తరువాతి భాగాలకు వెళ్ళాలి.

బ్యాటరీ వయస్సు

పెట్రోలు కారు పాతబడినా ట్యాంకు చిన్నది కాదు. విద్యుత్ కారుకు మాత్రం ఏటేటా ట్యాంకు చిన్నదవుతూ ఉంటుంది. పాత విద్యుత్ కారు విషయంలో గుర్తుపెట్టుకోవలసిన ప్రధాన సూత్రం ఇదే. మీటరు 100 శాతం అని చూపినా, అది ఈనాటి బ్యాటరీలో 100 శాతమే కాని, కొన్ననాటి బ్యాటరీలో 100 శాతం కాదు.

సీసపు బ్యాటరీలకు డిస్టిల్డ్ వాటర్ క్రమం తప్పకుండా పోయాలి. పూర్తిగా ఖాళీ అయ్యేవరకు నడిపితే అవి త్వరగా పాడవుతాయి. కొన్నేళ్ళకొకసారి మొత్తం మార్చవలసివస్తుంది. లిథియం బ్యాటరీలకు నీటి పని లేదు, ఆయుష్షు ఎక్కువ. కానీ వాటికీ కాలం, వేడి శత్రువులే. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరు వాతావరణం ఈ విషయంలో మనకు మేలు చేస్తుంది. ఇదే కారు విజయవాడలోనో, పల్నాటి రెంటచింతలలోనో పదేళ్ళ వేసవులు చూసి ఉంటే దాని బ్యాటరీ మరింత అలసి ఉంటుంది. కనుక కారు వయస్సుతో పాటు, అది ఏ ఊరిలో పెరిగిందో కూడా అడగాలి. ఏళ్ళ తరబడి కదలకుండా నిలిపి ఉంచిన కారును తక్కువ కిలోమీటర్లు తిరిగింది కదా అని మెచ్చుకోరాదు. ఛార్జి లేకుండా నిలిచిపోయిన బ్యాటరీ పాడై ఉండే అవకాశం హెచ్చు.

ఒక పరీక్ష, ఒక అనుభవం

కొన్నేళ్ళ క్రితం మా నాన్నగారిని వారానికి మూడు సార్లు డయాలిసిస్‌కు తీసుకువెళ్ళవలసి ఉండేది. ఆస్పత్రి రానూ పోనూ 18 కిలోమీటర్లు. ఇంట్లో ఉన్న కారు ఇంకొకరి ఉద్యోగానికి కావాలి. ఒక పాత విద్యుత్ కారు అమ్మకానికి ఉందని తెలిసి చూడబోయాను. ఛార్జికి 80 కిలోమీటర్లు వస్తుందని అమ్మే వ్యక్తి చెప్పారు. అడ్వాన్సు జేబులోనే ఉంది. ఇచ్చే ముందు ఒకసారి నడిపి చూస్తానన్నాను. 100 శాతంతో బయలుదేరి 12 కిలోమీటర్లు తిరిగి వచ్చేసరికి మీటరు 58 దగ్గర ఉంది.

లెక్క కష్టమైనది కాదు. 12 కిలోమీటర్లకు 42 శాతం ఖర్చయితే, మొత్తం 100 శాతానికి సుమారు 28 కిలోమీటర్లు. "28లో 18 పోగా ఇంకా 10 మిగులుతుంది కదా సార్" అన్నారు ఆయన. కూడిక తీసివేతల ప్రకారం అందులో తప్పు లేదు. కానీ ఆరు నెలల తరువాత ఆ 28 ఎంత అవుతుంది? వర్షంలో, లైట్లు, వైపర్లు వేసుకుని, గంటసేపు కదలని వాహనాల మధ్య, చికిత్స ముగిసి నీరసించిన మనిషి పక్క సీటులో ఉండగా కారు ఆగిపోతే? అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగి వచ్చాను. నాలుగు నెలలు ఆటోలో తిరిగాం. ఆ తరువాత ఇదే పరీక్షలో 55 కిలోమీటర్లు తేలిన ఇంకొక కారు దొరికింది. అది కొన్నాం. నాన్నగారు ఉన్నంతకాలం ఒక్కసారి కూడా దారిలో నిలబెట్టలేదు.

మొదటి కారు చెడ్డదని కాదు. కిలోమీటరు దూరంలోని బడికి, బజారుకు అది సరిపోయేదే. మా అవసరానికి సరిపోలేదు, అంతే. బండి మంచి చెడ్డలు మన దూరాన్ని బట్టి ఉంటాయి.

ఈ పరీక్షను పాఠకులు కింది విధంగా చేయవచ్చు.

1. కారును పూర్తిగా ఛార్జి చేయించి, మీ ఎదుటే మీటరు చూడండి.
2. మీరు రోజూ వెళ్ళవలసిన దారిలోనే, మామూలు వేగంతో, ఇద్దరు ముగ్గురు కూర్చుని నడపండి. ఖాళీ రోడ్డు మీద ఒక్కరే నడిపిన లెక్క పనికిరాదు.
3. మీటరు కనీసం సగానికి దిగేవరకు నడపండి. కొన్ని పాత మీటర్లు పైభాగంలో నెమ్మదిగా, కిందిభాగంలో వేగంగా దిగుతాయి.
4. నడిచిన దూరాన్ని 100తో గుణించి, ఖర్చయిన శాతంతో భాగించండి. వచ్చినది మొత్తం దూరం. అందులో నుంచి 20 శాతం అత్యవసరానికి తీసివేయండి. రాబోయే రెండు మూడేళ్ళ తరుగుదలకు, వర్షానికి, ఏసీకి మరికొంత తీసివేయండి. మిగిలినది మీ రోజువారీ ప్రయాణం కంటే ఎక్కువగా ఉంటేనే ముందుకు వెళ్ళండి.
5. వీలైతే ఇంటి కరెంటు మీటరుతో సరిచూడండి. కొత్తలో 10 యూనిట్లు పట్టే బ్యాటరీని 20 శాతం నుంచి 100 శాతానికి నింపడానికి, మధ్యలో వృథా అయ్యేదానితో కలిపి, 9 యూనిట్లకు పైగా కావాలి. ఇతర పరికరాలు ఆపి చూసినప్పుడు 5 యూనిట్లకే నిండిపోయిందంటే బ్యాటరీలో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే మిగిలి ఉన్నదని గ్రహించాలి. త్వరగా నిండడం గొప్పగా కనిపించినా, అది చిన్నదైపోయిన కుండకు గుర్తు.

ఖర్చుల లెక్క

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. కిలోమీటరుకు గోడ ప్లగ్గు వద్ద 0.13 యూనిట్ల చొప్పున రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 100 యూనిట్లు. లెక్క కోసం యూనిట్ ధర అన్ని ఛార్జీలతో 7 రూపాయలు అనుకుంటే నెలకు 700 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారులో, లీటరు 100 రూపాయలు అనుకుంటే అదే ప్రయాణానికి నెలకు 5,000 రూపాయలు. అంటే ఆదా 4,300.

ఇక్కడ చాలామంది మరచిపోయే విషయం ఒకటి ఉంది. కర్ణాటకలో 2023 నుంచి అమలులో ఉన్న గృహజ్యోతి పథకం కింద, అర్హత ఉన్న ఇళ్ళకు వాటి గత వాడకాన్ని బట్టి కొంత పరిమితి వరకు కరెంటు ఉచితం. ఆ పరిమితి దాటితే దాటినంత మేరకు చెల్లించాలి. నెలకు 200 యూనిట్లు దాటితే మాత్రం మొత్తం బిల్లు చెల్లించాలి. అంతవరకు 110 యూనిట్లు వాడుతూ ఉచితంగా పొందుతున్న ఇల్లు, కారు వల్ల 210కి చేరుతుంది. అప్పుడు కొత్తగా పడే భారం 700 కాదు, 210 యూనిట్లకూ కలిపి 1,470. ఆదా 3,530కి దిగుతుంది. ఇప్పటికీ లాభమే. కానీ లాభం ఎంతో నిజంగా తెలిసి ఉండడం వేరు, కొన్న తరువాత మొదటి బిల్లు చూసి ఉలిక్కిపడడం వేరు. కారు ఛార్జింగుకు విడిగా మీటరు తీసుకునే వీలును బెస్కాం కార్యాలయంలో విచారించడం మంచిది.

ఇప్పుడు బ్యాటరీ మార్పిడిని కలుపుదాం. మార్చడానికి 1,50,000 రూపాయలు అవుతుందని మెకానిక్కు చెప్పాడనుకుందాం. నెలకు 3,530 చొప్పున ఆ మొత్తం కూడడానికి సుమారు 42 నెలలు, అంటే మూడున్నర సంవత్సరాలు పడుతుంది. బ్యాటరీ అంతకంటే ముందే చేతులెత్తేస్తే ఆదా అంతా అందులోకే పోయి, ఇంకా చేతి నుంచి పెట్టవలసివస్తుంది. అందువల్ల ప్రతి నెలా మిగిలిన డబ్బును ఇంటి ఖర్చులో కలపక, విడిగా బ్యాటరీ నిధిగా దాచుకోవడం వివేకం. ఇంకొక హెచ్చరిక: ఈ లెక్క పెట్రోలు కారుతో పోల్చినది. మీరు ఇప్పటివరకు ఆ ప్రయాణాన్ని స్కూటరు మీద చేస్తూ ఉంటే, లీటరుకు 45 కిలోమీటర్ల లెక్కన నెల ఖర్చు సుమారు 1,670 రూపాయలే. అప్పుడు కారు వల్ల డబ్బు మిగలదు. ఎండ, వాన తగలకుండా పిల్లలు, పెద్దలు ప్రయాణించే సౌఖ్యం మాత్రమే మిగులుతుంది. అదీ విలువైనదే, కానీ దానిని ఆదా అని పిలవరాదు.

కాగితాలు

వాహనం చేతులు మారినప్పుడు 29, 30 సంఖ్యల ఫారాలు అవసరం. కొన్నవారు 30 రోజులలోగా యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేయాలి. పాత యజమాని అప్పుతో కొని ఉంటే, అప్పు తీరినట్టు 35వ ఫారం తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని బంధువుల వద్ద ఉన్న కారును ఇక్కడికి తెచ్చుకునేవారు ఉన్నారు. వేరే రాష్ట్రపు రిజిస్ట్రేషన్ గల వాహనాన్ని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచదలిస్తే, అక్కడి ఆర్‌టీఓ నుంచి 28వ ఫారం ద్వారా నిరభ్యంతర పత్రం తీసుకుని, కర్ణాటక నంబరు పొందాలి.

సొంత వాడకపు కార్ల రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలకు ముగుస్తుంది. ఆ తరువాత తనిఖీతో ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. తొలినాటి రేవా కార్లు ఈ గీత దాటాయి. కనుక అటువంటి కారు కొనేవారు పునరుద్ధరణ జరిగిందో లేదో చూడకుండా డబ్బు చెల్లించరాదు. 2021 ఆగస్టు నాటి కేంద్ర ప్రకటన ప్రకారం బ్యాటరీ వాహనాలకు రిజిస్ట్రేషన్ పత్రం జారీకి, పునరుద్ధరణకు రుసుము లేదు. 2022 జూన్ 1 నుంచి విద్యుత్ కార్ల థర్డ్ పార్టీ బీమాపై 15 శాతం తగ్గింపు ఉంది. బీమా మాత్రం తప్పనిసరి.

ఛార్జింగులో భద్రత

ఇంటికి మంజూరైన లోడు ఎంతో కరెంటు బిల్లులో చూడండి. గీజరు, కారు ఛార్జరు ఒకేసారి నడపకండి. కారుకు విడిగా లాగిన వైరు, దానికి సొంత ఎంసీబీ, లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. మూడవ అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీసి ఛార్జి చేయడం అగ్నిప్రమాదాన్ని పిలవడమే. ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమాని అనుమతిని, అపార్టుమెంటులో ఉన్నవారు సంఘం అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. అనుమతి కుదరదని తేలితే ఆ ఇంటికి ఆ కారు కుదరదనే అర్థం.

2022 సెప్టెంబరు వరదలలో బెంగళూరులో ఎన్నో సెల్లార్లు నీట మునిగాయి. నీరు చేరే సెల్లారులో ఛార్జింగు పెట్టరాదు. నీట మునిగిన విద్యుత్ కారును నడపకుండా, ప్లగ్గు తగిలించకుండా మెకానిక్కుకు చూపించాలి. మంట, పొగ కనిపిస్తే దూరంగా జరిగి 112కు ఫోన్ చేయాలి.

రోడ్డు మీద కూడా హద్దు తెలియాలి. జీ-విజ్‌ను బ్రిటన్ చట్టం పూర్తి స్థాయి కారుగా కాక క్వాడ్రిసైకిల్ తరగతిలో లెక్కించింది. అంత తేలికైన బండి పెద్ద లారీల నడుమ పరుగెత్తడానికి తయారు కాలేదు. హోసూరు రహదారి మీద సర్వీసు రోడ్డునే ఎంచుకోండి, ఎలక్ట్రానిక్ సిటీ ఎత్తైన మార్గాన్ని మొదటి కారుకు వదిలేయండి. శబ్దం లేని బండి కనుక ఇళ్ళ మధ్య పిల్లలు, ముసలివారు రాకను గుర్తించలేరు. నెమ్మదిగా నడపండి.

చివరి బాధ్యత

ఆయుష్షు తీరిన బ్యాటరీ చెత్త కాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం దానిని ఇతర చెత్తతో కలపకుండా, సేకరణకు, రీసైక్లింగ్‌కు అధికారం ఉన్నవారికే అప్పగించాలి. మునిసిపల్ చెత్త బండిలో వేస్తే, చేతులతో చెత్త వేరుచేసే కార్మికుల ప్రాణాలకు ముప్పు. పాత ఇనుప సామాను కొనేవారికి అమ్మితే ఆమ్లం, సీసం ఎక్కడో ఒక కాలువలో చేరతాయి. అనేకల్ తాలూకా చెరువులు ఇప్పటికే భరించలేనంత భరిస్తున్నాయి.

అభ్యాసం

ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాయండి.

1. రెండో బండి రోజుకు అత్యధికంగా ఎన్ని కిలోమీటర్లు తిరగాలి?
2. పరీక్షలో తేలిన దూరంలో అత్యవసర భాగం తీసివేస్తే అంత మిగులుతోందా? మూడేళ్ళ తరువాత కూడా మిగులుతుందా?
3. గత ఆరు నెలల కరెంటు బిల్లులలో సగటు వాడకం ఎంత? కారు కలిస్తే 200 యూనిట్లు దాటుతుందా?
4. ప్లగ్గు ఎక్కడ? అనుమతి ఎవరిది?
5. ఒక రోజు ఆ కారు కదలకపోతే, ఆ రోజు పని ఎలా జరుగుతుంది?

అయిదవ ప్రశ్నకు ఇంట్లో అందరూ ఒకే జవాబు చెప్పగలిగితే, మిగిలిన నాలుగింటికీ లెక్క కుదిరితే, ఒకనాడు ఈ ఊరిలోనే తయారైన చిన్న కారు మీ ఇంటి ముందు మరికొన్నేళ్ళు ఉపయోగపడుతుంది. లెక్క కుదరకపోతే, అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని తిరిగి రావడానికి సంకోచించకండి.